సగంలో ఆగిన నీళ్ళ పాట

సోమవారం పొద్దున ఆత్మకూరులో డయాలసిస్ వార్డుకు వెళ్ళేసరికి నా పక్క మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత కూడా విప్పలేదు. "అన్న ఇంకా రాలేదా?" అని అడిగాను. సిస్టరు నా చేతికి సూది గుచ్చుతూ, "నిన్న పోయినాడంట మేడం. చెయ్యి కదిలించబాకండి," అంది. రెండు మాటలూ ఒకే గొంతుతో అంది. ఆ పిల్లను తప్పుపట్టను. ఆ వార్డులో చావు కబురుకు వేరే గొంతు పెట్టుకుంటే పని జరగదు. అన్నను ఎత్తే వేళకు నేను మిషన్ మీదే ఉన్నాను. చావుకు వెళ్ళాలన్నా మాకు ఆ మిషన్ సెలవివ్వాలి.

ఆయన నాకు బంధువు కాడు. కలిగిరి దగ్గర పల్లె ఆయనది, మాది ఉదయగిరి. వారానికి మూడు రోజులు పక్కపక్క మంచాల మీద, ఒకరి నెత్తురు గొట్టాల్లో తిరగడం ఒకరు చూస్తూ పడుకున్నవాళ్ళం. అంతకంటే దగ్గరి చుట్టరికం ఏముంటుందో నాకు తెలియదు. నేను టీచర్ని. ఆయన జబ్బు పడకముందు పెళ్ళిళ్ళకూ చావులకూ మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. అందుకే ఏ పాట బాణీ అయినా నోటికొచ్చు. మాటలు మాత్రం సొంతవి కట్టేవాడు.

మొదటిరోజు నేను మొహం గోడకు తిప్పుకుని ఏడుస్తుంటే, ఆడపిల్ల అప్పగింతల బాణీలో పక్కనుంచి రాగం మొదలైంది.

"పోయిరా కిడ్నీ, పోయిరావమ్మా,
పుట్టింట నీకింక పని లేదులేమ్మా."

నాకు ఒళ్ళు మండింది. "ఏందయ్యా ఇది? ఆస్పత్రి అనుకున్నావా, నాటకం అనుకున్నావా?" అని కసిరాను.

"ఏడ్చేదానికి ఇంట్లో కావాల్సినంత తావుండాది టీచరమ్మా. ఇంత కరెంటు కాల్చి బతికిస్తా ఉండారు, ఇక్కడ గూడా ఏడిస్తే ఎట్టా?" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. అవతలి మంచం మీద కొండాపురం అవ్వ మాత్రం దగ్గు వచ్చేదాకా నవ్వింది.

ఆయన ఏ పాటనూ ఒక్కరోజులో పూర్తిచేసేవాడు కాదు. పల్లవి, ఒక చరణం పాడి, అందరూ నవ్వుతుండగానే నోరు మూసేవాడు. బతిమాలినా, తిట్టినా ఒకటే జవాబు: "మిగతాది బుధవారం." ఒక వేసవిలో నేను విసిగిపోయి, ఇంక ఆత్మకూరు రాను, చాలు అని ఇంట్లో పడుకున్నాను. మా ఆయన చెప్పిచెప్పి అలిసిపోయాడు. ఆఖరిసారి వెళ్ళిన రోజు అన్న మంగళహారతి ఎత్తుకుని ఉన్నాడు. "క్రియాటినిన్ తల్లికి మంగళం, పెరుగుటే గాని తరుగుట ఎరుగని దేవికి జయ మంగళం" అని పాడి ఆపేశాడు. మా నెత్తుట్లో పేరుకునే ఆ మలినానికి, ఆ తల్లికి, నైవేద్యం ఏం పెడతాడా అని మనసు పీకింది. లేచి చీర కట్టుకుని బస్సెక్కాను. మొగుడి మాటకు లేవనిదాన్ని ఆ వెక్కిరింత పాటకు లేచాను. ఇవాళ బతికున్నానంటే అందులో ఆ హారతి పాలు ఉంది.

పోయిన చలికాలం ఆయనకు ఆల్బం పిచ్చి పట్టింది. పాత మైకు తుడుచుకుని వార్డుకు తెచ్చాడు. డాక్టరుగారు తల గోక్కుని సరేనన్నారు. ఇంట్లోనే రికార్డు చేసుకోవచ్చు గదా అంటే, "ఇంట్లో ఎవురు నవ్వతారు?" అన్నాడు. సూదులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి మాకు చప్పట్లు కుదరవు. రెండో చేత్తో మంచం ఇనప కమ్మీల మీద కొట్టాం. ఆల్బంలో ఆ దడదడ వినిపిస్తుంది. మధ్యలో మిషన్ అరుస్తుంది. "పెద్దాయనా, ఊరికే ఉండు," అని సిస్టరు గదుముతుంది. అది ఫోన్లలో ఊళ్ళు తిరిగింది. ఉదయగిరి బస్సులో జబ్బులేనివాళ్ళు కూడా విని నవ్వడం చూశాను. ఏం తెలిసి నవ్వారో!

అందులో అందరికంటే పెద్ద నవ్వు కొండాపురం అవ్వది. ఆమె ఉగాది చూడలేదు. తర్వాత మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు. వాళ్ళ నవ్వులు వినలేకపోతున్నాం, తీసేసి పాటలు మాత్రం ఉంచమని వార్డులో ఎవరో అన్నారు. ఆయనకు కోపం రావడం అప్పుడొక్కసారే చూశాను. "కావాలంటే పాట కొయ్యండి. నవ్వు కొయ్యబాకండి," అన్నాడు.

ఆల్బంలో చివరిది నీళ్ళ పాట. మాలాంటి వాళ్ళకు తాగిన నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరతాయి. అందుకని గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. మా మెట్ట ఎండల్లో ఆ దప్పిక ఎలాంటిదో చెప్పలేను. ఆయన చెప్పాడు.

"కుండా ఓ కుండా, కళ్ళ ముందే ఉండావే,
గుక్కయినా పొయ్యవే, గుండె ఎండకుండా."

అక్కడే ఆపి, "మిగతాది సోమవారం," అన్నాడు. ఎన్ని సోమవారాలు గడిచినా మిగతాది రాలేదు. గట్టిగా నిలదీశాను.

"కుదరడం లా టీచరమ్మా. ఎట్టా తిప్పినా ఆఖర్న పాటలో వాడు నీళ్ళు తాగేస్తా ఉండాడు. తాగేస్తే ఇంక నవ్వులాట కాదు గదా," అన్నాడు.

మంగళవారం మా ఆయన్ను తోడు తీసుకుని వాళ్ళ పల్లెకు వెళ్ళాను. వదినను చూడటం అదే మొదలు. నేనెవరో చెప్పగానే చెయ్యి పట్టుకుంది.

"ఆదివారం ఎండకు తట్టుకోలేకపోయినాడు. నీళ్ళు, నీళ్ళు అని ఒకటే పోరు. రోజూ గసిరేదాన్ని, ఆ పొద్దు ఆ మొగం చూళ్ళేక చెంబుతో ఇచ్చినాను. మొత్తం తాగినాడు. బాగుండాది అన్నాడు. మాపటికి రొప్పు పట్టుకున్నాది," అని చెప్పి, "నేనే చంపుకున్నానా టీచరమ్మా?" అంది.

ఆయన మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. మమ్మల్నందరినీ సగం పాటతో బతుక్కు కట్టేసి, తను తాగేసి వెళ్ళిపోయాడు. ఆ వెంటనే నా నాలుక పిడచగట్టడం తెలిసింది. నీ తప్పేం లేదని పైపైన అంటే ఆమె నమ్మదు.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వడం అలవాటైన చెయ్యి. గ్లాసు నిండా తెచ్చింది. ఇవ్వబోతూ నా మోచేతి దగ్గర సూదుల మచ్చలు చూసి ఆగిపోయింది. ఇవ్వలేదు, వెనక్కీ తీసుకోలేదు. నీళ్ళు ఆమె వేళ్ళ మీద ఒలుకుతున్నాయి.

"ఇటియ్యి వదినా. దప్పికగా ఉండాది," అన్నాను.

ఇచ్చింది. ఒక గుక్క నోట్లో పోసుకుని నెమ్మదిగా మింగాను. ఆమె ఊపిరి బిగబట్టి నా గొంతునే చూస్తూ నిలబడింది.