పెద్దబాపు రైళ్లు, పెద్దబాపు భయం

మొన్న పొద్దున భివండీ నుంచి బాపు ఫోన్ చేశాడు. "అన్న పోయిండు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత కూడా ఫోన్ పెట్టేయలేదు. బాపు అంటే మా నాన్న; ఆయన అన్న, మా పెద్దబాపు, నేను చూసిన మనుషులందరిలోకీ పిరికివాడు. పోయినవాళ్ల గురించి రాస్తూ ఇలా మొదలుపెట్టడం బాగుండదని తెలుసు. కానీ ఆ భయం సంగతి చెప్పకుండా ఆయన సంగతి చెప్పడం నాకు చేతకాదు.

భివండీలో ధామన్కర్ నాకా కూడలిలో ఆయనకు మోటార్లు బాగుచేసే దుకాణం ఉండేది. సాంచాల, అంటే మరమగ్గాల, కాలిపోయిన మోటార్లు వస్తే పాత తీగ పీకి కొత్త రాగితీగ చుట్టేవాడు. రోజంతా కరెంటుతోనే పని, కరెంటంటేనే హడల్. పడుకునే ముందు ఇంట్లోని ప్రతి స్విచ్‌బోర్డునూ చెయ్యి తిప్పి వేళ్ల వెనకవైపుతో తాకి, వేడెక్కిందేమో చూసేవాడు. రోడ్డు దాటాలంటే నాకాలో ఆటోలన్నీ ఆగేదాకా నిలబడేవాడు. అవి ఆగేదెప్పుడు, ఆయన దాటేదెప్పుడు! మా ఇంట్లో ధైర్యవంతులకు కొదవ లేదు కనుక అందరం ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్లం.

దాదర్‌లో ఒక పాత మేడ మీద బొమ్మరైళ్ల క్లబ్బు ఉండేది. ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేయమని పిలిస్తే వెళ్లిన మనిషి, ఆ రైళ్ల ధ్యాసలో ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. అప్పట్నుంచి మోకాళ్లు మొరాయించేదాకా సెలవు దొరికితే చాలు, అక్కడికే. నేను కాలేజీలో చదివే రోజుల్లో నన్నూ వెంట తీసుకుపోయేవాడు. గది నిండా బల్ల, బల్ల మీద కొండలు, వంతెనలు, స్టేషన్లు. ఒక్కో స్టేషన్ దగ్గర ఒక్కో మనిషి కూర్చునేవాడు. బండిని పంపాలంటే ముందు గంట కొట్టి అడగాలి. అవతలి స్టేషన్ నుంచి తిరుగు గంట వస్తేనే వదలాలి.

మొదటిసారి బండి నడపమంటే ఆయన మీటను ఎంత భయంగా తిప్పాడంటే, ఇంజను ఎక్కిళ్లు వచ్చినట్టు ఆగుతూ ఆగుతూ పోయింది. కానీ ఆ గంట పద్ధతి మాత్రం ఆయనకు ప్రాణం లేచొచ్చినంతగా నచ్చింది. లోకంలో తనలాగే భయపడేవాళ్లు పెట్టిన పద్ధతి అది. తిరుగు లోకల్ రైల్లో నాతో అన్నాడు, "అడగకుండ బండి ఇడువొద్దు బిడ్డా. అవుతల ఎవలున్నరో మనకేం ఎర్క?"

కామత్‌ఘర్‌లో మేముండే బిల్డింగులో కింద బాపు సాంచాలు, మధ్యలో కిరాయిదార్లు, పైన మేము. గల్లీ వైపు గదిలో పెద్దబాపు తన సొంత లైను వేసుకున్నాడు. క్లబ్బువాళ్లిచ్చిన పాత పట్టాలు, దుకాణంలో మిగిలిన ప్లైవుడ్. సాంచాలు నడిస్తే బిల్డింగంతా అదురుతుంది, డబ్బాలు పట్టాల మీద నిలవవు. అందుకని సాంచాలు బందుండే శుక్రవారమే ఆయన రైళ్లు నడిచేవి. ఆ లైనులో జమ్మికుంట అని పేరు పెట్టిన స్టేషన్ నాది.

ఒక వానాకాలం శుక్రవారం క్లబ్బు నుంచి ఇద్దరు పెద్దమనుషులు మా ఇంటికి రైళ్లు నడపడానికి వచ్చారు. వాళ్లొస్తున్నారని పెద్దబాపు పొద్దున్నే రసమట్టం పెట్టి బల్లను సమంగా నిలబెట్టాడు. మధ్యాహ్నం నా స్టేషన్లో ఒక గూడ్సు డబ్బాను బండి నుంచి విప్పి పక్కన నిలిపాం. నేను గంట కొట్టి ఎదురుచూస్తున్నాను. ఆ డబ్బా తనంతట తానే కదిలింది. నా చెయ్యి తగిలిందనుకున్నారు అతిథులు. వెనక్కి తెచ్చి పెట్టాను. మళ్లీ కదిలింది, గల్లీ వైపుకే.

పెద్దబాపు రసమట్టం తెచ్చి పట్టాల మీద పెట్టాడు. అందులో బుడగ పక్కకు జరిగి ఉంది. బల్ల కాళ్లు చూశాడు, అవి పెట్టినచోటే ఉన్నాయి. పొద్దున సమంగా ఉన్న బల్ల మధ్యాహ్నానికి వాలిందంటే వాలింది బల్ల కాదు, బిల్డింగు. ఆయన అతిథులతో ఇవాళ్టికి చాలని మర్యాదగా చెప్పి, చాయ్ కూడా తాగనివ్వకుండా మెట్లు దించాడు.

బాపు కింద సాంచాలకు నూనె పోస్తున్నాడు. సంగతి వినగానే నవ్వాడు.

"బొమ్మ రైలు కదిలిందని బిల్డింగ్ ఖాళీ చేస్తరా అన్నా? జనం నవ్వుతరు."

"నవ్వనీ తమ్మీ. నాకు భయమైతాంది. ఒక్కపారి పైకి రా."

బాపు వచ్చాడు. పెద్దబాపు డబ్బాను ఆయన చేతిలో పెట్టాడు. బాపు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి పట్టాల మీద పెట్టి, వేలు అడ్డం పెట్టి, మెల్లగా తీశాడు. అది గల్లీ వైపు పోయింది. బాపు వెంటనే నాయినమ్మను వీపున ఎక్కించుకుని మెట్లు దిగాడు.

పెద్దబాపు ప్రతి కిరాయిదారు తలుపూ కొట్టాడు. "నాకు భయమైతాంది, జర బయటికి రాండ్రి." అంతే మాట, అందరికీ. తిట్టినవాళ్లు తిట్టారు, పిచ్చి లేసిందన్నారు. ఆయన తలుపు దగ్గర్నుంచి కదల్లేదు, వాళ్లు బయటికి రాక తప్పలేదు. భయాన్ని అలా సిగ్గుపడకుండా చెప్పుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. వరాలా తలావ్ అనే చెరువు దగ్గరి చుట్టాలింట్లో తలదాచుకున్నాం. ఎవరికీ నిద్ర పట్టలేదు.

తెల్లారి వచ్చి చూస్తే బిల్డింగు ఎప్పటిలాగే నిలబడి ఉంది. కిరాయిదార్లు మా మీద విరుచుకుపడ్డారు. బాపు తలెత్తుకోలేకపోయాడు. సాంచాల మీద బట్ట ఉంది, కోసుకుని వస్తానని లోపలికి బయల్దేరాడు. పెద్దబాపు వెనక నుంచి బాపు చొక్కా పట్టుకున్నాడు.

"పోతే పో తమ్మీ. గని నన్ను గుంజుకొని పో."

బాపు కోపంతో నిజంగానే గుంజాడు. బక్కపలచని పెద్దబాపు రెండడుగులు ఆయన వెంట కొట్టుకుపోయాడు, చొక్కా గుండీలు తెగాయి, పిడికిలి మాత్రం విప్పలేదు. వాళ్లింకా గల్లీకి ఇవతలే ఉన్నారు. పైన ఎక్కడో అద్దం పగిలింది. తర్వాత ముందుభాగమంతా, పెద్దబాపు గదితో సహా, కూర్చున్నట్టుగా కిందికి దిగిపోయింది. దుమ్ములో పక్కనున్న మనిషి కూడా కనబడలేదు. అమ్మ మా పేర్లు పిలుస్తూనే ఉంది, మేం పలుకుతూనే ఉన్నాం.

లోపల ఎవరూ లేరు. దుమ్ము తగ్గాక ఎవరో అందరికీ చాయ్ తెచ్చిచ్చారు. పెద్దబాపు ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు. కుడిచేతి పిడికిలిలో బాపు చొక్కా ఇంకా అలాగే ఉంది. అంతా అయిపోయింది కదా, ఇక విడిచిపెట్టమని పక్కవాళ్లు చెప్పారు. బాపు మాత్రం ఆ మాట అనలేదు. చొక్కా సాగకుండా అన్న వైపు కొంచెం జరిగి, అక్కడే నిలబడి చాయ్ తాగాడు.