కుర్చీలో కునుకు

దర్జీకి తన కొట్టులో ఏనాడూ కునుకు పట్టలేదు. ఎదురు సెలూన్ కుర్చీలో మాత్రం పట్టేది. సెలూన్ నడిపే అతన్ని బావా అని పిలిచేవాడు, అతనూ అలాగే పిలిచేవాడు. చుట్టరికం లేదు, చనువే. గడ్డం గీస్తూ దవడ కింద కుడివైపు బావ వేళ్ళతో చర్మం బిగించి పట్టుకుంటే, ఒక్కోసారి దర్జీ తల వాలిపోయేది. మొహాన చల్లటి నీళ్ళు పడేవి. కళ్ళు తెరిచేసరికి బెంచీ మీదవాళ్ళ నవ్వులు.

"మళ్ళీ గురక పెట్టావు బావా. ఇంట్లో మా చెల్లెలు పడుకోనివ్వదా?"

"నీ చేతిలోనే ఏదో మత్తుంది బావా."

మెడ అప్పగించి కళ్ళు మూసుకోగలిగిన చోటు దర్జీకి అదొక్కటే.

అదే వైపు మెడలో గడ్డ లేచింది. మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. మెలకువ వచ్చేసరికి డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి ఉంది.

"గడ్డ తీస్తుండగా మీ గుండె బాగా నెమ్మదించి, కాసేపు ఆగిపోయింది. వెంటనే చేతులు తీసేసి మందిచ్చాం, మళ్ళీ కొట్టుకుంది. కొందరికి మెడలో అక్కడ ఒత్తిడి పడితే ఇలా అవుతుంది. ఇదివరకు ఎప్పుడైనా మెడ నొక్కితే స్పృహ తప్పారా? ముందే తెలిస్తే సిద్ధంగా ఉండేవాళ్ళం."

"లేదమ్మా. గడ్డం గీయించుకునేటప్పుడు కాస్త కునుకు పట్టడం తప్ప..."

మాట అక్కడే ఆగింది. కునుకు తీసేవాడి మొహాన నీళ్ళెందుకు కొడతారు?

కట్టు విప్పిన రోజే సెలూన్‌కు వెళ్ళాడు. బావ తువ్వాలు దులిపి కుర్చీ ఇటు తిప్పాడు. దర్జీ కూర్చోలేదు.

"నేను నిద్రపోయేవాణ్ణా బావా?"

బావ దువ్వెన తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"మొదటిసారి హడలిపోయాను. నీళ్ళు కొడితే లేచావు. నలుగురూ చూస్తున్నారని నవ్వేశాను. నా కుర్చీలో మనిషి పడిపోయాడంటే ఇక గడప ఎవరు తొక్కుతారు?"

"తర్వాతైనా?"

"చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటావని."

"ఆపరేషనని చెప్పే వెళ్ళానుగా. అప్పుడు?"

"నోటిదాకా వచ్చింది బావా."

"నోట్లోనే ఉంచుకున్నావు."

దర్జీ గడ్డం పెంచాడు. భార్య అడిగితే బద్ధకమన్నాడు.

ఒకనాడు బావ చొక్కా గుడ్డ పట్టుకుని కొట్టుకు వచ్చాడు. దర్జీ లేచి టేపు అతని మెడ చుట్టూ వేశాడు. ఎప్పటిలాగే లోపల తన వేలు పెట్టి, కాలరు బిగియకుండా వదులు చూసుకున్నాడు. ఆ వేలి కింద బావ నాడి తడబడకుండా కొట్టుకుంటోంది. బావ నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరిచి నిలబడండి," అన్నాడు దర్జీ, ముక్కూమొహం తెలియని మనిషితో అన్నట్టు.