బావ కారుకు బిగించిన ఇనుప నత్త

ఎనిమిదో తరగతి నేను మూడేళ్లు చదివాను. ఆ పుస్తకాలను అంత లోతుగా చదివినవాడు నంద్యాల మొత్తంలో ఇంకొకడు ఉండడు. నాలుగో ఏడు కూడా అదే బెంచీ మీద కనబడతానేమోనని మా నాయన నన్ను తీసుకుపోయి మెకానిక్ షెడ్డులో వేశాడు. అక్కడ బెంచీలు లేవు, కార్ల కింద పడుకోవడమే. ఆ విద్య నాకు ఇట్టే వచ్చేసింది.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. మా బావకు, అంటే అక్క మొగుడికి, ఒక పాత పెట్రోలు కారు ఉండేది. వాళ్ల ఇల్లు గడిచేది ఆ కారు బాడుగల మీదే. అందులో సగం ఆళ్లగడ్డలో ఒక పెద్ద రైతు ఇంటివి. అంతకు ముందటి శివరాత్రికి ఆ పెద్దాయన కుటుంబాన్ని శ్రీశైలం తీసుకుపోతుంటే, ఘాటు రోడ్డు మలుపులో ఆరుగురిని లాగలేక కారు నిలబడిపోయింది. పెద్దాయన పట్టుపంచె ఎగగట్టి తానే తోశాడు. కొండ దిగాక ఒకటే మాట అన్నాడు. "వచ్చే యేడు గూడా ఇట్లే అయితే ఇంగో బండి సూసుకుంటా."

బావకు అన్నం సయించలేదు. నాకేమో ఉపాయం దొరికింది. శ్రీశైలం డ్యాము పనుల్లో పాడైన యంత్రాల సామాను నంద్యాల పాత ఇనుము కొట్లకు వచ్చేది. ఆ కుప్పలో డోజరుదో దేనిదో ఒక టర్బో ఉంది. రెండు నత్తగుల్లలు వీపులు ఆనించుకుని కూర్చున్నట్టుంటుంది. ఇంజిను వదిలే పొగ ఒక గుల్లలోని చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకున్న రెండో చక్రం, అవతలి గుల్లలోంచి గాలిని ఇంజినులోకి కుక్కుతుంది. పొయ్యిలోంచి వచ్చిన పొగే ఊదుగొట్టం అందుకుని పొయ్యిని ఊదినట్టు అన్నమాట.

"ఇది పెడితే నీ కారు గుర్రమయితాది బావా."

"గుర్రం గడ్డి తింటాది. ఇది నా కూడు తినకుండా సూడు."

వారం పట్టింది. నత్త ఇరుసుకు నూనె పైపు వేశాను. రేకు గొట్టాలు వంచి, కార్బురేటరును తెచ్చి నత్త మూతికి తగిలించాను. ఇంత చేశాక ఎయిర్ ఫిల్టరుకు బానెట్ కింద చోటు మిగల్లేదు. అక్క పాత చీర ముక్కను నాలుగు మడతలు వేసి గాలి పీల్చే చోట కట్టాను.

శివరాత్రి ఇంకా పది రోజులుందనగా పెద్దాయన నంద్యాల వచ్చాడు. నత్త సంగతి ఆయనకు చెప్పాం. ఆయన్ను ఆళ్లగడ్డ చేర్చడమే మాకు పరీక్ష. బావ స్టీరింగు పట్టుకుని కళ్లు మూసుకుని యేసు ప్రభువుకు ప్రార్థన చేసుకున్నాడు. వెనక సీట్లో పెద్దాయన మల్లన్నకు దండం పెట్టాడు. అలా ఇద్దరు దేవుళ్లకూ కబురు అందింది. చీర ముక్క సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

కారు మునుపటికన్నా మెల్లగా పోయింది. డోజరుకు పుట్టిన నత్త, కారు వదిలే కాస్త పొగకు కదిలేదెట్లా? వెనక వచ్చిన బస్సు మమ్మల్ని దాటిపోయింది.

"ఏమప్పా, ఊదుతాండాదా? నన్ను దిగి ఊదమంటావా?" అన్నాడు పెద్దాయన.

శిరివెళ్ల దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. బావ కోపం కొద్దీ కాలు అదిమి పట్టాడు. కాసేపటికి బానెట్ కింద సన్నగా ఈల మొదలైంది. ఈల పెరిగి పెరిగి, వీపులు సీట్లకు అతుక్కుపోయాయి. చింతచెట్లు వెనక్కి పరుగెత్తాయి. పోయిన బస్సు ఎదురొస్తున్నట్టే కనబడింది, దాన్ని దాటేశాం. పెద్దాయన తలపాగా ఊడి ఒళ్లో పడింది. ఆయన దాన్ని పట్టించుకోకుండా తొడ చరుస్తూ, "ఇంగా పోనీ, ఇంగా పోనీ" అంటున్నాడు. బావ నవ్వుతున్నాడు. అతనికి అన్ని పళ్లున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఆళ్లగడ్డ ఇంకా నాలుగు మైళ్లుంది. నూర్పిడి కోసం రైతులు ఉలవ కట్టెను రోడ్డంతా పరిచారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది, మా వైపు అది మామూలే. అందరూ నెమ్మదిగా తొక్కుతారు. మేము ఈల వేసుకుంటూ దూరాం. పొట్టు మబ్బులా లేచింది. మూడు దగ్గులు దగ్గి, కారు ఆ ఉలవల నడుమే నిలబడిపోయింది.

బానెట్ ఎత్తాను. చీర ముక్క మీద పొట్టు ఓళిగ, అదే బొబ్బట్టు, మందాన అంటుకుని ఉంది. ఇంజినుకు ఊపిరాడలేదు, అంతే. చేట పట్టుకున్న అవ్వ ఒకామె వచ్చి తొంగిచూసింది.

"మూడు దినాల నుంచి గాల్లేక తూర్పార పట్టల్యా. పొట్టంతా భలే ఎగరగొట్టినావు నాయనా, ఇంగోసారి రా."

ఈలోగా బస్సు వచ్చి, కిటికీల నిండా నవ్వులతో మమ్మల్ని మళ్లీ దాటిపోయింది.

చీర ముక్క దులిపి కట్టాక కారు కదిలింది. ఆళ్లగడ్డ దాకా బావ మెల్లగా నడిపాడు. పెద్దాయన తన వాకిట్లో దిగి, మీసాల్లోని పొట్టు దులుపుకున్నాడు.

"ఇంత నవ్వి ఎన్నేండ్లయిందో. శివరాత్రికి నువ్వే రాప్పా" అన్నాడు బావతో. బావ కళ్లు తుడుచుకున్నాడు, పొట్టు పడిందని చెప్పాడు. "అయితే ఆ నత్తను పీకెయ్. వీన్ని గూడా ఎక్కించుకో" అన్నాడు పెద్దాయన నన్ను చూపించి.

అలా శివరాత్రికి ఏడో మనిషిగా నన్నూ కుక్కారు. ఘాటు రోడ్డులో అదే మలుపు దగ్గర కారు నిలబడింది. నేను దిగి తోస్తూ, రొప్పుతూ, "పెద్దాయనా, ఆ నత్తకు మంచి ఫిల్టరు పెట్టింటే ఈ తిప్పలుండవు కదా" అన్నాను.

ఆయన కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఎందుకప్పా అది? దానికి నూనె పోయాల, మైళ్లకు మైళ్లు పోతే గాని లెయ్యదు. నీకు పొద్దున ఇంత ఉగ్గాని పెడితే సాలు, దిగిన కాన్నుంచి తోస్తానే ఉండావు."