సముద్రపు నాచులో చిక్కుకున్న రోజు

అది 2006 వేసవి. అప్పుడు మేం న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని న్యూ లిన్‌లో ఉండేవాళ్లం. స్కూబా డైవింగ్ నేర్చుకున్న మా పదహారేళ్ల అమ్మాయి శ్రావ్య, "ఒక్కసారి రా అమ్మా, అక్కడ అలలే ఉండవు, లోతు కూడా లేదు" అని పోరుపెట్టి నన్ను సముద్రంలోకి దింపింది.

ముందు ఇన్‌స్ట్రక్టర్, మధ్యలో నేను, వెనక శ్రావ్య. రాళ్ల మధ్య నీలం చేపలు చేతికి తగిలేంత దగ్గరగా తిరుగుతుంటే లోకం మరిచిపోయాను. అంతలో ఎవరో వెనక్కి లాగినట్టు ఆగిపోయాను. మనిషి ఎత్తున పెరిగిన నాచు నా వీపు మీది సిలిండర్‌కు చుట్టుకుంది. గింజుకున్నకొద్దీ కాళ్లకు కూడా బిగిసింది. అరుద్దామంటే నోట్లో గాలి గొట్టం. పైన వెలుతురు కనిపిస్తూనే ఉంది, కానీ కదల్లేను. నా పని అయిపోయిందనుకుని, గాలి అందుతున్నా ఊపిరాడనట్టనిపించి మాస్క్ పీకేయబోయాను.

శ్రావ్య వచ్చి నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. నా కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా ఊపిరి తీసుకోమని తలాడిస్తూ చూపించింది. తనతో పాటే నేనూ ఊపిరి పీల్చి వదిలాను. నేను కుదుటపడ్డాక వెనక్కి వెళ్లి, నాచును ఒక్కొక్క పాయగా విడదీసింది. ఇన్‌స్ట్రక్టర్ తిరిగి వచ్చేసరికి నన్ను విడిపించేసింది.

ఒడ్డున కూలబడ్డాక చూశాను, దాని చేతులు నాకన్నా ఎక్కువగా వణుకుతున్నాయి.

"నీకూ భయమేసిందా?" అన్నాను.

"చాలా! బట్ నీకు తెలిస్తే ఇంకా ప్యానిక్ అవుతావు కదమ్మా."

దాన్ని దగ్గరికి తీసుకుని ఏడ్చేశాను. బిడ్డకు కనబడకుండా భయాన్ని దాచుకోవడం తల్లులకే తెలుసనుకునేదాన్ని అన్నాళ్లూ.

– సుజాత, ఆక్లాండ్