కళ్లు మూసుకుని వినే ఆయన

ఆటోనగర్‌లో మా కారు బాగుచేసే మెకానిక్, టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ ముట్టుకునేవారు కాదు. నాన్నని నడపమని, తను పక్క సీట్లో కళ్లు మూసుకుని వినేవారు. ఆ చెవి కోసమే అంత దూరం కంచరపాలెం నుంచి కూడా బళ్లు వచ్చేవి. నాన్న ఏదో చెప్పబోతే, “మీరాగండి సార్, బండే సెప్తాది. ఎనకాల పాపని సూడండి, ఎంత బుద్దిగా ఇంటాదో!” అనేవారు. నోట్లో నాలుక లేదని ఇంట్లో అందరూ ఆటపట్టించే నాకు ఆ మెచ్చుకోలు ఎంత ఇష్టమో!

పోయినసారి ముందు చక్రాల దగ్గర చప్పుడు వస్తుంటే, రెండు వైపులా అరిగిన రబ్బరు బుష్‌లు మార్చారు. మళ్లీ బయల్దేరి గతుకులన్నీ దాటాక కళ్లు తెరిచి, “పోనాది సార్, ఇంకేటీ లేదు” అన్నారు నవ్వుతూ.

మలుపు తిరిగినప్పుడల్లా నాకు టక్కుమని సన్నగా వినబడుతూనే ఉంది.

“ఇంకా ఉందండీ, ఎడమ పక్క” అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. అది కాకుండా మరేదైనా అయ్యుంటే బాగుండేది.

బండి ఆపించి, నాన్న స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే, ఆయన కింద కూర్చుని చక్రం వెనక రాడ్ చివరి జాయింట్ పట్టుకుని చూశారు.

“ఉందమ్మా. సేతికి తెలుస్తంది. సెవికే...” అని ఆగిపోయారు.

ఆ జాయింట్ మార్చాక మరోసారి బయల్దేరాం. చప్పుడు నిజంగానే పోయింది. ఈసారి ఆయన కళ్లు మూసుకోలేదు. దారి పొడవునా వెనక్కి తిరిగి, నా మొహమే చూస్తూ కూర్చున్నారు.