ఓదెలు వేసే దొర

సిరిసిల్లలో మగ్గం నేసే ఓదెలుకు రైతుకూలీ సంఘం వాళ్ల నాటకంలో ఎప్పుడూ దొర వేషమే. మనిషి బక్కపలచన. వేషానికి కావలసిన పంచె తానే నేసుకుంటాడు. కుర్చీలో కూర్చుని ఎదుటివాడి ముఖం కాక కాళ్లు చూడడం ఎంతో కాలం సాధన చేశాడు. డెబ్బై ఎనిమిదిలో పెగడపల్లి దగ్గర ఒక పల్లెలో పొద్దుటి పూట ఆట పెట్టారు. దొర ఎదుట ఎవరూ చెప్పులు వేసుకోకూడని ఊరు అది. "ఎవడ్రా నా ముంగట చెప్పులేసుకున్నది?" అని ఓదెలు గద్దించగానే, ముందు వరుసలో ఉన్న ముసలి జీతగాడు దేవయ్య దిగ్గున లేచి, చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. జనం గొల్లుమన్నారు.

"ఓ దేవయ్యా, గది నాటకమే!" అని పక్కనున్న ఎల్లవ్వ అరిచింది.

"ఎరుకనే ఎల్లవ్వా. కాళ్లు ఇంటలేవు" అన్నాడు దేవయ్య సిగ్గుపడుతూ.

ఓదెలు నవ్వలేదు. చెమట కళ్లలోకి కారుతున్నా రెప్ప వేయకుండా ఆ వట్టి కాళ్లనే చూస్తూ కూర్చున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. చాలాసేపటికి దేవయ్య చెప్పులు కింద పెట్టి, ఒక్కొక్కటే తొడుక్కుని, దొర కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఆట అయ్యాక ఎల్లవ్వ వచ్చి తిట్టింది. "జర నవ్వితే నీదేం పోతుండె? ముసలోని పానం పోతుండె గద!"

ఓదెలు పెట్టుడు మీసం తీస్తూ అన్నాడు: "నవ్వితే ఓదెలు ముంగట ఏసుకుంటుండె అవ్వా. దొర ముంగట ఏసుకోవాలె గద."