పెత్రమాసకు బాపు పట్నంలో

ఏడో తరగతితో బడికీ నాకూ చెల్లింది. నల్లగొండలో దుకాణాల బోర్డులు రాస్తూ, దానితోపాటు పోయినవాళ్ల బొమ్మలు వేసేవాణ్ణి. మోత్కూరు నుంచో తిరుమలగిరి నుంచో ఎవరో ఒకరు చిన్న పాసు ఫొటో తెచ్చేవారు. అందులో మనిషి కళ్లు సగం మూసుకొని ఉంటాడు. నేను తెరిపించేవాణ్ణి. బనీను మీద తెల్ల చొక్కా తొడిగేవాణ్ణి. బతికుండగా నవ్వనివాళ్లను కూడా కాస్త నవ్వించేవాణ్ణి. బాగాలేదని వాళ్లెవరూ తిరిగి రాలేదు.

తొంభైల మొదట్లో, హైదరాబాదులో ఒక గ్యాలరీవాళ్లు కొత్తవాళ్ల దగ్గర దరఖాస్తులు తీసుకుంటున్నారని పేపర్లో పడింది. ఏం బొమ్మలు పెడతావో, ఎందుకు పెడతావో ఒక పేజీ రాయాలి. వేసిన బొమ్మ ఫొటో ఒకటి జతచేయాలి. మా ఊళ్లలో పోయినవాళ్లందరినీ ఒక గదిలో పెడతానని రాశాను. ఎందుకు అన్నచోట, వీళ్లలో చాలామంది పట్నం చూడలేదని రాశాను. పక్కింటి సారు నవ్వు ఆపుకుంటూ దాన్ని ఇంగ్లీషులో పెట్టాడు.

ఫొటో చూసి వేసిన బొమ్మకు మళ్లీ ఫొటో ఎందుకు, అసలుదే చూపిద్దామనుకున్నాను. బొమ్మలు వేయించుకున్న ఇళ్లలో అడిగితే ఎవరూ ఇవ్వలేదు. పోయినవాళ్లకు అన్నం పెట్టే పెత్రమాస వస్తోంది, ఆ రోజు బొమ్మ ఇంట్లో లేకపోతే ఎవరికి పెట్టాలన్నారు. చివరికి మూడేళ్ల కింద పోయిన మా బాపు మిగిలాడు. గోడకున్న ఇనుప మొల మీంచి ఆయన్ను దించి, దుప్పట్లో చుట్టి బస్సెక్కాను. పెత్రమాసకు తెచ్చేస్తానని అమ్మకు చెప్పాను.

ఫొటో చాలని గ్యాలరీ మేడమ్ అంది. నేనే బలవంతంగా బొమ్మ పెట్టి వచ్చాను.

పండుగ ముందు రోజు బాపును తెచ్చుకుందామని గ్యాలరీకి పోయాను. ఎంచేవాళ్లు మర్నాడే వస్తారట. ఫొటో ఇవ్వలేదు కాబట్టి వాళ్లు చూడ్డానికి ఆ బొమ్మ ఒక్కటే ఉందట.

"తీసుకెళ్తే మీ దరఖాస్తు కూడా పోయినట్టే. ఏం చేస్తారు?" అంది.

బాపు గోడకు ఆనుకొని నన్నే చూస్తున్నాడు. ఆ కళ్లు తెరిపించింది నేనే. ఉంచండి అన్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బయట ఏం చూశానో గుర్తులేదు.

అమ్మ నా ఖాళీ చేతులు చూసింది.

"బాపు పట్నంల ఆగిండమ్మా. జర పనున్నదట," అన్నాను.

నా జోకులకు ఎప్పుడూ తిట్టేది. ఆ రోజు తిట్టలేదు.

తెల్లారి గారెలు చేసింది. విస్తరాకులో వడ్డించి, ఉత్త మొల కింద పెట్టి దండం పెట్టుకుంది. అక్కడ క్యాలెండరన్నా తగిలించనా అని అడిగాను.

"వద్దు బిడ్డా. గా మొల మీ బాపుకు ఎరుకే. ఆయనే కొట్టిండు గద."

ఎంచుకున్నామని పది రోజులకు ఉత్తరం వచ్చింది. పెత్రమాస పొద్దే తెలిసుంటే ఏమన్నా తేడా ఉండేదేమో చెప్పలేను. ఆ పొద్దు మాత్రం నాలుగు గారెలు తిన్నాను. ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగింది. సరిపోయిందన్నాను. నిజానికి నాకు తెలియలేదు.